చిట్టాకెక్కిన మాట

ఆదోని పత్తి యార్డులో రాత్రి పదకొండు.
తక్కెడలకు గొళ్ళాలు పెట్టి హమాలీలు ఎళ్ళిపోయినారు.
సర్వర్ గదిలో నేనూ, తిక్కస్వామి తాతా,
మూత తీసిన పెట్టెలో నాలుగు డిస్కులూ.
కిటికీ ఊచకు చిక్కిన దూదిపింజ
చిన్న దీపం వెలిగినప్పుడల్లా ఎర్రబడుతోంది.

పొద్దున టెండర్లు తెరిస్తే
పన్నెండొందల లాట్లు ఒక్కసారే తలుపు తోసుకొస్తాయి.
లాటుకొక పద్దు. పద్దుకొక ఒట్టు:
రాసుకున్నా, ఇక నాది పూచీ అని డిస్కు చెప్పాలి.
ఆ ఒట్టు దగ్గరే నిలబడిపోతుంది వరుస.
పాత డిస్కు సెకనుకు నూటిరవై చుట్లు తిరుగుతుంది,
చుట్టుకు ఒక్క ఒట్టు, అంతే దాని చేతనయింది.
గానుగెద్దుకు పరుగు నేర్పినోడు లేడు.

తాత నలభై ఏండ్లు ఇదే యార్డులో గుమాస్తా.
ఇప్పుడు పనీ లేదు, నిద్రా లేదు.
నేను జర్నల్ అంటే చిట్టా అన్నాడు.
నేను టేబుల్ అంటే ఆవర్జా అన్నాడు.
"ముందు చిట్టాలో గీకు, తీరిగ్గా ఆవర్జాకు ఎక్కించు.
ఇది మీ కంప్యూటరోళ్ళు కనిపెట్టినారా?"
ఆరిన బీడీ చెవిమీద పెట్టుకున్నాడు.

పోయిన సోమవారం సంగతి చెప్పాల.
వరుస కదలడంలేదని సేట్లు అరుస్తుంటే
సెట్టింగులో ఒక్క పదం మార్చినాను:
రాయడం అయ్యేదాకా ఆగొద్దు.
నూటపది కాస్తా తొమ్మిది వేలయింది.
కార్యదర్శి భుజం తట్టి మజ్జిగ తెప్పించినాడు.
రెండూ పదికి కరెంటు పోయింది.
యూపీఎస్ రెండు కూతలు కూసి చచ్చింది.

తిరిగి లేచిన డిస్కుకు
పదకొండు సెకన్లు గుర్తులేవు.
ఆ పదకొండులో ఉంది
పెద్దతుంబళం ఉరుకుందమ్మ పత్తి,
ఆరు క్వింటాళ్ళ ముప్పై కిలోలు.
చీటీ ఆమె చేతిలో. పత్తి ఎవరి కుప్పలోనో.
నా ఆవర్జాలో ఆమె రానే లేదు.
"రాసినా అంటివి కదప్పా" అంది.
గట్టిగా కూడా అనలేదు.

అందుకే ఈ రాత్రి వైరు పీకి చూస్తున్నా.
రాస్తుండగా పీకడం, లేపడం, లెక్కపెట్టడం.

ఈఎక్స్‌టీ ఫోర్ నూటపది దగ్గర కూర్చుంది.
ఎక్స్ఎఫ్ఎస్ ఇంకో పదో పదిహేనో.
రెండు డిస్కులకు జంటగా రాయిస్తే నిదానమే, కానీ
ఒకటి పోతే ఇంకొకటి సాక్షి.
నాలుగింటికీ పంచితే మాత్రం, ఒక్క పద్దు దిద్దాలన్నా
పాతది చదివి, పాత లెక్క చదివి,
కొత్తది రాసి, కొత్త లెక్క రాసి,
పెద్దమనుషులు ఎక్కువైన పంచాయితీ.
జెడ్ఎఫ్ఎస్ పాత అక్షరం మీద చెయ్యి వెయ్యదు,
పక్కన కొత్తచోట రాసి, ఆనక వేలు అటు తిప్పుతుంది.
"కొట్టివేతల్లేని పుస్తకం" అని తాత మురిసిపోయినాడు.
నిండేకొద్దీ మెల్లగవుతుందని నేను చెప్పలేదు.

కర్నూలులో బిల్లు లేకుండా కొన్న ఎస్ఎస్‌డీ
ఇరవై వేలు అంది. గుండె ఎగిరింది.
వైరు పీకితే సగం ఒట్టి నోటిమాట.
ఒట్టు వేసి, పద్దు జేబులో పెట్టుకుని, మరిచింది.
నా మాదిరే.

ఇంకొకటి తెప్పించినాను, అరువుకు.
దాని కడుపులో చిన్న కెపాసిటర్లు.
పోయే కరెంటులోంచి గుక్కెడు దాచుకుంటుంది,
చివరి పద్దు రాసి కన్నుమూయడానికి.
ముప్పై ఒక్కసార్లు పీకినా ఒక్క లాటు తప్పలేదు.
ధర అడిగితే, కొంచెం అటూ ఇటుగా,
ఉరుకుందమ్మ పత్తి ధర.

కార్యదర్శి కొంటాడో లేదో.
ఆ ఒక్క పదం మాత్రం వెనక్కి మార్చేసినా.
రేపు వరుస గేటుదాకా ఉంటుంది,
సేట్లు అరుస్తారు, మజ్జిగ రాదు.

మూడుంపావుకు, పాత డిస్కు మీదే,
ఆమె పేరు కొట్టినా. ఊరు కొట్టినా. ఆరు ముప్పై.
తొమ్మిది మిల్లీసెకన్లు పట్టింది.
ఒట్టు వచ్చేదాకా ఆగి, వైరు పీకినా.

చీకట్లో తాత అడిగినాడు:
"ఉందా?"
"ఉండు తాతా, లేస్తోంది."